ఎయిర్ క్లీనర్ ప్లేట్లు పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి

మాది చీమకుర్తి. గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఇల్లు, పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికల్లా వేలితో పేరు రాయొచ్చు. అమ్మకి ఆయాసం ఉందని ఎలక్ట్రానిక్ ఎయిర్ క్లీనర్ తీసుకున్నాం. ఫిల్టర్ మార్చుకునే రకం కాదు, లోపల సన్నటి తీగలు దుమ్ముకి చార్జి ఎక్కిస్తే ఆ దుమ్మంతా వెళ్లి అల్యూమినియం ప్లేట్లకి అంటుకునే రకం.

ఆ ప్లేట్లు నెలకోసారైనా కడగాలి, మా ఊరి దుమ్ముకైతే 15 రోజులకే. మురికి పేరుకుంటే మిషన్ తిరుగుతూనే ఉంటుంది కానీ దుమ్ము పట్టదు, మనకి తెలియదు కూడా. లోపల వేల వోల్టులు ఉంటాయి కాబట్టి స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కాసేపు ఆగాకే మూత తీయండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి ప్లేట్ల సెట్టుని అరగంట నానబెడితే నల్లటి బురద దానంతటదే దిగుతుంది. పీచుతో రుద్దొద్దు, రేకులు వంగితే స్పార్కులు వస్తాయి. తీగలని మాత్రం తడి దూదితో మెల్లగా తుడవండి, జుట్టంత సన్నగా ఉంటాయి, లాగితే తెగుతాయి.

తర్వాత నిలబెట్టి ఒక రోజంతా ఆరనివ్వండి. నేను ఒకసారి రెండు గంటలకే పెట్టేస్తే చిటపటమని శబ్దాలు, అమ్మ భయపడిపోయింది.

ఇంకోటి, జిరాక్స్ షాపులో వచ్చేలాంటి ఘాటు వాసన వస్తుంటే అది ఓజోన్, ఆయాసం ఉన్నవాళ్లకి అస్సలు మంచిది కాదు. వెంటనే ఆపేసి ప్లేట్లు కడగండి, అయినా వాసన పోకపోతే మెకానిక్ చూసేదాకా ఆన్ చేయొద్దు.