క్రిస్టలోగ్రఫీ కుర్రాళ్ళకి అవార్డులు: అప్లికేషన్ ఎక్కడ ఇరుక్కుంటుందంటే

"అన్నా, యంగ్ సైంటిస్ట్ అవార్డులకి ఎట్లా అప్లై చేసేది?" అని ఎస్వీయూ, ఐసర్, ఐఐటీ పిల్లలు అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకసారి రాసేస్తే పోతుంది. ఇది భౌతిక క్రిస్టలోగ్రఫీ వాళ్ళ కోసం. అంటే స్ఫటికంలో పరమాణువులు ఎక్కడున్నాయో కనుక్కుని ఊరుకోకుండా, చల్లబరిస్తేనో ఒత్తిడి పెంచితేనో ఆ అమరిక ఎలా మారుతుంది, దాంతో అయస్కాంత గుణం ఎందుకు మారుతుంది అని తవ్వేవాళ్ళ కోసం.

బ్రిటిష్ క్రిస్టలోగ్రాఫిక్ అసోసియేషన్‌కీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌కీ ఉమ్మడిగా ఒక ఫిజికల్ క్రిస్టలోగ్రఫీ గ్రూప్ ఉంది. కెరీర్ మొదట్లో ఉన్నవాళ్ళు ఈమధ్య అచ్చేసిన పనికి అది ఒక ప్రైజ్ ఇస్తుంది, థీసిస్‌కి ఇంకోటి ఉంది. మన దగ్గర పనిచేసేవాళ్ళు అర్హులా కాదా అన్నది ఆ ఏడాది ప్రకటనలోనే చదువుకోండి, ఎవరో చెప్పింది నమ్మకండి. ఇలాంటి ప్రైజులు చాలావాటికి మనంతట మనం అప్లై చేసుకోవడం కుదరదు, ఇంకొకరు నామినేట్ చేయాలి, కాబట్టి గైడ్‌ని ముందే అడగండి, మొహమాటపడితే ఏడాది పోతుంది.

ఇక ఐయూసీఆర్, అంటే అంతర్జాతీయ క్రిస్టలోగ్రఫీ సంఘం, మహాసభ. మూడేళ్ళకోసారి జరుగుతుంది, 2017లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. దానికి వెళ్ళే కుర్ర సైంటిస్టులకి ఖర్చుల సాయం ఉంటుంది, అయితే ఆ గడువు వేరు, అబ్‌స్ట్రాక్ట్ (మన పని సారాంశం) పంపే గడువు వేరు అయ్యుండొచ్చు, రెండూ చూసి పెట్టుకోండి.

డబ్బు పరంగా పెద్దది మాత్రం కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్. నెలకి 1,25,000 రూపాయలు, రీసెర్చ్‌కి ఏడాదికి 7 లక్షలు, ఐదేళ్ళు. వయసు 32 దాటకూడదు, ఎస్సీ, ఎస్టీలకీ ఆడవాళ్ళకీ 35. వయసు జనవరి 1 నాటికి లెక్క, మీరు ఫామ్ నింపే రోజుకి కాదు. పనిచేయబోయే సంస్థ నుంచి అంగీకార పత్రం కావాలి. ఫిజిక్స్‌లో వేయాలా కెమిస్ట్రీలో వేయాలా అన్నది ఎవరూ సీరియస్‌గా తీసుకోరు, కానీ పేపర్లు ఎక్కువ ఏ జర్నల్స్‌లో ఉన్నాయో ఆ వైపే వేయడం మేలని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు తలనొప్పి, పేరు. తిరుపతి బాలాజీ కాలనీలో జిరాక్స్ షాపులో నా పత్రాలన్నీ స్కాన్ చేస్తున్న అబ్బాయి "ఏమన్నా, టెన్త్‌లో ఒక పేరు, దీంట్లో ఒక పేరు ఉండాది" అన్నాడు. అప్పటిదాకా నాకే తెలీదు! టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీహెచ్‌డీ ప్రొవిజనల్‌లో ఒక్క అక్షరం, పేపర్లలో అయితే ఇంటిపేరు చివరికి పోయింది. మూడూ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ చేయించి జత చేశాను. మీరు ఇప్పుడే ఆర్కిడ్ ఐడీ (పేరు ఎలా రాసినా పరిశోధకుణ్ణి గుర్తుపట్టే నంబర్) తీసుకుని పేపర్లన్నీ దాని కిందకి తెచ్చుకోండి. అలాగే పీహెచ్‌డీ తేదీ అంటే వైవా తేదీనా, ప్రొవిజనల్ తేదీనా, కాన్వొకేషన్ తేదీనా అన్నది ఒక్కో అవార్డుకి ఒక్కోలా ఉంటుంది. నేను చదివిన చోట వైవా అయిన నెలలకి గానీ ప్రొవిజనల్ చేతికి రాలేదు, ఆ టెన్షన్ మీకొద్దు, వైవా అయిన వారంలోనే ప్రొవిజనల్ కోసం దరఖాస్తు పెట్టేయండి.

రాసే భాగంలో అందరూ చేసే తప్పు "మేము నిర్మాణాన్ని విశ్లేషించాము" అని రాయడం. మేము అంటే ఎవరు? ఇలా రాయండి: క్రిస్టల్స్ పెంచింది నేను, 100 కెల్విన్ దగ్గర డేటా తీసింది నేను, రిఫైన్‌మెంట్ (నమూనాని డేటాకి సరిపెట్టడం) కుదరకపోతే ట్విన్నింగ్ (రెండు స్ఫటికాలు అతుక్కుని పెరగడం) ఉందని పట్టుకుంది నేను, న్యూట్రాన్ డేటా మాత్రం ముంబై ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ దగ్గర అక్కడివాళ్ళతో కలిసి తీశాం. ఎక్స్‌రేలతో స్ఫటికాల నిర్మాణం కనుక్కున్నందుకు 1915లో తండ్రితో కలిసి నోబెల్ అందుకునేనాటికి లారెన్స్ బ్రాగ్‌కి 25 ఏళ్ళు, తను చేసిన పనిని జనం తండ్రి ఖాతాలో వేస్తున్నారని ఆయనకే బాధ ఉండేది, ఇక మనమెంత.

ప్రతి నిర్మాణానికీ సిఫ్ ఫైల్ (నిర్మాణం వివరాలన్నీ ఉండే ఫైల్) కేంబ్రిడ్జ్ డేటా సెంటర్‌లో జమచేసిన నంబర్ ఇవ్వండి. ఆ ఫైల్‌ని తనిఖీ చేసే చెక్‌సిఫ్‌లో ఏ-లెవల్ అలర్ట్, అంటే అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక, ఉంటే దాచకండి, అది ఎందుకు వచ్చిందో రెండు లైన్లలో రాయండి, చూసేవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

రెఫరీ లెటర్లకి కనీసం నెల ముందు అడగండి, సీవీ, నాలుగు పాయింట్లు మీరే పంపండి. సబ్మిట్ కొట్టగానే అయిపోయిందనుకోకండి, రెఫరీలకి వెళ్ళిన మెయిల్ స్పామ్‌లో పడుంటుంది చాలాసార్లు. మా సార్‌కి అలాగే పడింది. గడువుకి రెండు రోజుల ముందు ఆయన రూముకి వెళ్ళి, పక్కన కూర్చుని, స్పామ్ తెరిపించి లింక్ నొక్కించాను.