జేబులో పట్టే ప్రాక్టీసు: వుడెన్ పద్ధతి మొదలుపెట్టే వాళ్లకి

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పేరుమోసిన కోచ్ జాన్ వుడెన్ పేరు వినగానే మా కోచ్‌లు చేసే మొదటి పని ఆయన ‘విజయ పిరమిడ్’ బొమ్మ తెచ్చి గోడకి అంటించడం. నేనూ అంటించాను. పదిహేను గళ్లు; అడుగున ఒక మూల కష్టపడే గుణం, ఇంకో మూల ఉత్సాహం. మా కాలేజీ అమ్మాయిలు ఆ బొమ్మ కిందే కూర్చుని బూట్లు వేసుకునేవాళ్లు. ఆ ఏడాది వరసపెట్టి ఓడిపోయాం. వుడెన్ ఆ బొమ్మని 1934లో మొదలుపెట్టి 1948కి గానీ పూర్తి చేయలేదు. పద్నాలుగేళ్లు నలిగిన ఆలోచన, నాలుగు చుక్కల జిగురుతో మాకు వంటబడుతుందనుకోవడం నా తెలివితక్కువ.

మీరు బొమ్మ జోలికి తర్వాత వెళ్లండి. ముందు కార్డు తీసుకోండి.

వుడెన్ చొక్కా జేబులో పట్టేంత కార్డు మీద ఆ రోజు ప్రాక్టీసంతా రాసుకునేవారు. ఏ డ్రిల్ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగాలో నిమిషాలతో సహా. దాని కోసం రోజూ అసిస్టెంట్లతో సుమారు రెండు గంటలు కూర్చునేవారు. ప్రాక్టీసు కూడా దాదాపు రెండు గంటలే! మొదట్లో నాకిది అతి అనిపించింది. సరే, చూద్దామని ఒక సాయంత్రం రాయడానికి కూర్చుంటే అరగంటలో నా బండారం బయటపడింది. ‘డిఫెన్స్ – 20 నిమిషాలు’ అని రాశాను. ఆ ఇరవైలో ఎవరు ఎక్కడ నిలబడతారు, బంతులెన్ని, ముగ్గురు ఆడుతుంటే మిగిలిన తొమ్మిది మంది ఏం చేస్తారు? నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ ఆ తొమ్మిది మందీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉన్నారన్నమాట.

రాసేటప్పుడు ముక్కలు చిన్నవి చేయండి. ఒక్కో డ్రిల్ అయిదు నుంచి పది నిమిషాలు. ఒంట్లో సత్తువ తీసే డ్రిల్ తర్వాత ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి వేసే బంతులు, పెట్టండి. మ్యాచ్‌లో కూడా ఆయాసంతోనే కదా వేసేది. టైమ్ అయిపోతే డ్రిల్ బాగా సాగుతున్నా ఆపేయండి. అన్నింట్లోకీ నాకు కష్టమైంది ఇదే. ‘ఇంకొక్కసారి’ అనే మాట నోటి చివరే ఉంటుంది.

ఇక బూట్లు. వుడెన్ సీజన్ మొదటి రోజు సాక్స్ వేసుకోవడం నేర్పేవారు. దేశంలోనే పేరుమోసిన కుర్రాళ్లు ఎదురుగా కూర్చుంటే, సాక్స్‌తో మొదలు! ఇందులో తమాషా ఏమీ లేదు. సాక్స్ పైకి లాగి, చిటికెన వేలి దగ్గరా మడమ దగ్గరా ముడతలు లేకుండా చేత్తో సవరించాలి. దాన్ని అలాగే పట్టుకుని బూటులో కాలు పెట్టాలి. లేసుని ఒక్కో కన్నం దగ్గర బిగించుకుంటూ పైకొచ్చి, రెండు ముడులు వేయాలి. ముడత ఉంటే బొబ్బ, బొబ్బ ఉంటే రేపటి ప్రాక్టీసు పోయినట్టే. బూటు సైజు కూడా చూడండి. మా టీములో ఒకమ్మాయి అక్క బూట్లు వేసుకొస్తోందని ఈ పాఠం చెప్పిన రోజే తెలిసింది. రెండు నెలలుగా ఆ పిల్ల మలుపు తిరిగినప్పుడల్లా పాదం లోపల జారుతోంటే, నేనేమో ‘కాళ్లు కదుపు’ అని అరుస్తున్నాను.

అరుపుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1974–75లో, అదే ఆయన ఆఖరి సీజన్, ఇద్దరు సైకాలజిస్టులు ప్రాక్టీసులకి వెళ్లి ఆయన నోటి నుంచి వచ్చినవన్నీ లెక్కపెట్టారు. రొనాల్డ్ గాలిమోర్, రోలండ్ థార్ప్ వాళ్ల పేర్లు. 2,326 చర్యలు నమోదైతే, నాలుగింట మూడొంతులు ‘ఏం చెయ్యాలి, ఎలా చెయ్యాలి’ అన్నవే. పొగడ్తలు 6.9 శాతం, చీవాట్లు 6.6 శాతం. తప్పు కనబడితే ఆట ఆపి, సరైన తీరు చేసి చూపించి, ఆటగాడు చేసిన తీరు చూపించి, మళ్లీ సరైనది చూపించేవారు. అంతా కొన్ని సెకన్లలో.

ఇది మీ మీద ప్రయోగించుకోండి. మడమ బెణికి బెంచీ మీదున్న అమ్మాయికి కాగితమిచ్చి నా మాటలు లెక్కపెట్టమన్నాను. ప్రాక్టీసయ్యాక మొహమాటంగా, “మేడమ్, ‘కమాన్’ నలభై ఒక్కసార్లు అన్నారు. మోచెయ్యి ఎక్కడుండాలో రెండుసార్లే చెప్పారు” అంది. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

ఇంత చిల్లర పనుల మీద ఆయనకి గురి ఎలా కుదిరిందంటే, ఆయన అసలు ఇంగ్లీషు మాస్టారు. 1910లో ఇండియానాలో పుట్టి, పొలం పనుల మధ్య పెరిగి, పర్డ్యూ యూనివర్సిటీలో ఆడి, హైస్కూల్లో పాఠాలు చెప్పారు. పిల్లలకి మంచి మార్కులు రాలేదని తల్లిదండ్రులు మండిపడుతుంటే, విజయానికి తనదైన అర్థం ఒకటి రాసుకున్నారు: చేతనైనంతా చేశానని తన మనసుకి తెలిసినప్పుడు దొరికే నెమ్మది. అందులో స్కోరు ఊసు లేదు. కుర్రాళ్లతో గెలుపు గురించి మాట్లాడేవారు కారు. 1948లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి కోచ్‌గా వచ్చిన మనిషికి మొదటి జాతీయ టైటిల్ 1964లో దక్కింది. అక్కణ్నుంచి 12 సీజన్లలో 10 టైటిళ్లు, మధ్యలో వరసగా 88 గెలుపులు. మీ మేనేజ్‌మెంట్ మీకు పదహారేళ్లు ఇస్తుందా అంటే, మాది కూడా ఇవ్వదు.

నియమాలు తక్కువ పెట్టండి, పెట్టినవి వదలకండి. స్టార్ ఆటగాడు బిల్ వాల్టన్ జుట్టు పెంచుకుని వచ్చి, కత్తిరించుకోమనే హక్కు మీకు లేదని వాదించాడు. నిజమే, లేదు, కానీ ఎవరు ఆడాలో తేల్చే హక్కు నాది, నువ్వు లేకపోతే మాకు లోటే అని వుడెన్ నెమ్మదిగా చెప్పారు. వాల్టన్ సైకిలెక్కి మంగలి దగ్గరికి పరిగెత్తాడు. అంతకన్నా నాకు నచ్చేది 1947 నాటి సంగతి. ఆయన కోచ్‌గా ఉన్న ఇండియానా కాలేజీకి జాతీయ టోర్నమెంటు నుంచి పిలుపొచ్చింది. నల్లజాతి ఆటగాళ్లకి అందులో ప్రవేశం లేదు. టీములో క్లారెన్స్ వాకర్ ఉన్నాడు. వుడెన్ ఆ పిలుపు వద్దన్నారు. మరుసటి ఏడాది నిబంధన మారింది, వాకర్ ఆడాడు.

ఆయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. ఆటగాళ్లకి ఒక సంపన్న అభిమాని నిబంధనలకి విరుద్ధంగా ఇచ్చిన సాయాల వల్ల 1981లో, ఆయన రిటైరైన ఆరేళ్లకి, యూసీఎల్‌ఏకి శిక్ష పడింది. ఆయన హయాంలోనే అది గమనించాల్సిందని అనేవాళ్లున్నారు. నేనూ అదే అంటాను. సాక్స్ ముడతలు చూసిన కన్ను అది.

చివరి పని ఇంటికెళ్లే ముందు. కార్డు వెనక్కి తిప్పి, ఏది కుదిరింది, ఏది కుదరలేదు రాసి తేదీ వేసి దాచండి. వుడెన్ ఏళ్ల తరబడి దాచి, నిరుటి ఇదే వారంలో ఏం చేశామో తీసి చూసుకునేవారు. నా నిన్నటి కార్డు వెనక ఇలా ఉంది: ‘రీబౌండ్ 10 ని. ఎక్కువైంది, 6 చాలు. నాలుగో బంతిలో గాలి లేదు. కమాన్ – 9.’