సైటేషన్ ప్లగిన్ మొరాయిస్తే లోపం ఎక్కడుందో వెతకడం ఎలా?

పుస్తకం పేజీ అమరికకు వెళ్లే సమయానికి సైటేషన్ ప్లగిన్ (రచనలో ఆధారాల ప్రస్తావనలను, అంటే సైటేషన్‌లను, చేర్చే అనుబంధ సాఫ్ట్‌వేరు) మొరాయిస్తే, చాలామంది వెంటనే దానిని తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అది తొందరపాటు. లోపం సాఫ్ట్‌వేరులో ఉందా, లేక ఆ ఒక్క ఫైలులోనే ఉందా అన్నది ముందు తేలాలి. కొత్త ఖాళీ పత్రంలో ఒక సైటేషన్ చేర్చి చూస్తే అది తెలిసిపోతుంది. ఆధారాల వివరాలను భద్రపరిచే జొటెరో అనే సాఫ్ట్‌వేరును, మైక్రోసాఫ్ట్ వర్డ్‌ను కలిపి వాడేవారిని దృష్టిలో ఉంచుకొని ఈ వివరాలు రాస్తున్నాను.

ఖాళీ పత్రంలోనూ పని జరగకపోతే, జొటెరో తెరిచి ఉందో లేదో చూడండి. విండోస్‌లో జొటెరో, వర్డ్‌లలో ఒకదానిని మాత్రమే అడ్మినిస్ట్రేటరుగా నడిపితే వాటి మధ్య సంబంధం కుదరదు. వర్డ్‌లో జొటెరో ట్యాబే కనిపించకపోతే, జొటెరో సెట్టింగ్స్‌లోని సైట్ విభాగం నుంచి యాడ్-ఇన్‌ను రీఇన్‌స్టాల్ చేయవచ్చు.

ఖాళీ పత్రంలో అంతా సవ్యంగా ఉంటే లోపం మీ ఫైలులోనిదే. అసలు శ్రమ ఇక్కడే ఉంటుంది. ముందుగా ఫైలుకు ఒక ప్రతి తీసి పెట్టుకోండి. పైకి మామూలు అక్షరాల్లా కనిపించే ప్రతి సైటేషన్ వెనుకా ఒక ఫీల్డు కోడ్ (జొటెరో చదివే దాగిన సమాచారం) ఉంటుంది. ఆల్ట్, ఎఫ్9 మీటలను కలిపి నొక్కితే ఆ కోడ్ బయటపడుతుంది. కోడ్ ఏమీ కనిపించని చోట ఉన్నది ఉత్త పాఠ్యమే కనుక, దానిని చెరిపి సైటేషన్‌ను మళ్లీ చేర్చాలి. కోడ్ ఉన్నా జొటెరో ట్యాబులోని రిఫ్రెష్ నొక్కినప్పుడల్లా దోషం వస్తుంటే, పత్రంలో సగాన్ని కొత్త ఫైలులోకి కాపీ చేసి రిఫ్రెష్ చేయండి. దోషం వచ్చిన సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే, ఎంత పెద్ద సిద్ధాంత గ్రంథంలోనైనా చెడిన సైటేషన్ త్వరలోనే దొరుకుతుంది.

ఒకే రచన గ్రంథసూచిలో 2020ఎ, 2020బి అని రెండుసార్లు వస్తే తప్పు ప్లగిన్‌ది కాదు, మీ జొటెరో లైబ్రరీలో దానికి రెండు నమోదులున్నాయి. వాటిని మెర్జ్ చేయాలే (ఒకటిగా కలపాలే) తప్ప ఒకదానిని తొలగించకూడదు. తొలగిస్తే పత్రంలోని సైటేషన్‌కు లైబ్రరీతో బంధం తెగుతుంది. పెద్ద ఫైలు నెమ్మదిస్తే, జొటెరో ట్యాబులోని డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌లో సైటేషన్‌లు తమంతట తామే అప్‌డేట్ అయ్యే సదుపాయాన్ని ఆపివేయండి.

పేజీల అమరిక సాఫ్ట్‌వేరైన ఇన్‌డిజైన్‌లోకి తెచ్చిన పాఠ్యంలో వర్డ్ ప్లగిన్ పనిచేయదు కనుక, సైటేషన్ శైలిని వర్డ్‌లోనే ఖరారు చేసి, ఫైలుకు ఒక ప్రతి తీసి, ఆ ప్రతిలో మాత్రమే అన్‌లింక్ సైటేషన్స్ (సైటేషన్‌లను మామూలు పాఠ్యంగా మార్చే ఆదేశం) నొక్కి, దానిని పేజీల్లోకి తీసుకోవాలి. అన్‌లింక్ చేసిన ప్రతిని జొటెరో ఇక గుర్తించదు. ఆపైన సంపాదకులు శైలి మార్చమంటే, అసలు ఫైలులోనే మార్చి కొత్త ప్రతి తీయవలసి ఉంటుంది.