వనభోజనాల బొంత – మూడో పాఠం: పొరలు, టాకాలు, బొంతకుట్టు

రెండో పాఠం చివరికి 30 గళ్ల పైపొర చేతికొచ్చింది కదా. గడి ఒక అడుగు, అడ్డం 5, నిలువు 6. అంటే ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఉసిరిచెట్టు కింద పరిస్తే నలుగురు పెద్దవాళ్లు, మధ్యలో పులిహోర గిన్నె, పెరుగన్నం గిన్నె హాయిగా పడతాయి. దాన్ని ఇంకా ఇస్త్రీ చేయకపోతే ఇప్పుడు చేసెయ్యండి. వెనకవైపు కుట్టు మడతల్ని ఒకే పక్కకి వాల్చి నొక్కండి. లేకపోతే తర్వాత సూది అక్కడ ఇరుక్కుని విసుగు పుట్టిస్తుంది.

ఈ పాఠంలో అసలు పని పరవడమే. కుట్టుదేముంది, నాలుగు వరసలు వేసేసరికి చెయ్యి తిరుగుతుంది. నా మొదటి బొంతని తొందరపడి ఒక మూల నుంచి టకటకా కుట్టుకుంటూ పోయాను. అటు చివరికి చేరేసరికి పైపొర మూడు వేళ్లు పక్కకి జరిగింది, మధ్యలో పూరీలా పొంగింది. అమ్మమ్మ చూసి, "దీని మీద గ్లాసు పెడితే నిలబడుతుందటే?" అంది. రెండు రోజులు కుట్టిందంతా ఒక పూట కూర్చుని విప్పుకున్నాను.

పొరలు నాలుగు. అడుగున పాత డబుల్ దుప్పటి, ముదురు రంగుదైతే మట్టి కనపడదు. దాన్ని 64 అంగుళాలు, 76 అంగుళాల కొలతకి కత్తిరించండి. పైపొర కన్నా ప్రతి పక్కా రెండంగుళాలు ఎక్కువ ఉండాలి, కుట్టేటప్పుడు లోపలికి గుంజుకుంటుంది. మధ్యలో రెండు పొరలు మెత్తబడ్డ నూలు చీరలవి. అంచులు విడదీసి దాచండి, వచ్చే పాఠంలో వాటితోనే పని. మొదటి చీరలో 76 అంగుళాల ముక్కలు రెండు తీసి పొడవు వెంబడి పక్కపక్కన పరవండి. రెండో చీరలో 64 అంగుళాల ముక్కలు రెండు తీసి అడ్డంగా పరవండి. ఇలా అడ్డదిడ్డంగా వేస్తే అతుకు మీద అతుకు పడదు. పక్కలకి మిగిలిన చీర గుడ్డని దుప్పటి కొలతకి కత్తిరిస్తే సరి.

అడుగున రెక్సిన్ వేస్తే తడి రాదని కొందరు అంటారు. నేను వద్దంటాను. సూది పోయిన ప్రతి చోటా చిల్లే, నీళ్లు ఎలాగూ వస్తాయి. పైగా ఉతికితే ఆరదు, వాసనేస్తుంది. కార్తీకంలో గడ్డి మీద మంచు ఉంటుందనిపిస్తే కింద వేరే పట్టా పరుచుకోండి.

పరిచే చోటు గచ్చు నేల. ముందు దుప్పటి, తిరగేసి. దాని నాలుగు మూలలా బరువులు పెట్టండి. మా ఇంట్లో ఒక మూల రుబ్బురోలు పొత్రం, ఒక మూల దంచుడు రాయి, మిగతా రెండింటికీ బియ్యం డబ్బాలు. దుప్పటి బిగువుగా ఉండాలి కానీ సాగకూడదు. ఒక్కో పొర వేసినప్పుడల్లా అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమరండి. గాలి బయటికి పోతుంది, మడతలు చేతికి తెలుస్తాయి.

ఇక టాకాలు, అంటే పొరలు జరగకుండా ముందుగా వేసే తాత్కాలిక కుట్లు. కంటికి కొట్టొచ్చే రంగు దారం తీసుకోండి, తర్వాత విప్పేవే కదా. సరిగ్గా నడిమధ్య మొదలుపెట్టి నాలుగు దిక్కులకీ ఒక్కో వరస వేయండి, కూడిక గుర్తులా. ఆపైన బెత్తెడు దూరంలో మిగతావి. ఎక్కడ మొదలైనా మధ్య నుంచి బయటికే వెళ్లాలి.

బొంతకుట్టు తిన్నగా రావడానికి గీసే గీతలకి వడ్రంగి వాళ్ల పద్ధతి బాగుంటుంది. దారానికి సుద్దముక్క రుద్ది, ఇద్దరు చెరో కొస పట్టుకుని, నడుమ కొద్దిగా పైకి లాగి వదలాలి. ఠప్పుమని తిన్నటి గీత పడుతుంది. పిల్లల్ని పిలిస్తే ఈ పని వాళ్లే లాక్కుంటారు. గీతకీ గీతకీ రెండు వేళ్ల ఎడం, అంటే అంగుళంపావు.

కుట్టు మామూలు ముందుకుట్టే. బెంగాలీ వాళ్ల బొంత కుట్టుపని కాంతాలో ఉన్నదీ ఇదే. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో మూడు పోగులు తీసుకోండి, నూలు గుడ్డకి నూలు దారమే. మూరన్నర మించితే చిక్కుపడుతుంది. చిన్న ముడి వేసి, సూదిని పైపొరలోంచి మాత్రమే అంగుళం దూరంలో లోపలికి పంపి గీత మీదకి తీయండి. దారాన్ని మెల్లగా గుంజితే ముడి 'టిక్' మని లోపలికి జారి దాక్కుంటుంది. ఆపైన సూదిని నిలువుగా దించి, కింద ఎడమచేతి వేలికి మొన తగలగానే పైకి తిప్పండి. అలా తగిలిందంటే నాలుగు పొరలూ దాటిందన్నమాట. పైన బియ్యపుగింజంత, కిందా అంతే. మూడు నాలుగు కుట్లు సూది మీదకి ఎక్కాక ఒకేసారి లాగండి. వేలికి తొడుగు లేకపోతే పాత రబ్బరు గ్లవ్ వేలు కోసి తొడుక్కోండి.

ఆరడుగుల వరసలు 48 దాకా వస్తాయి. మధ్య వరస ముందు, తర్వాత ఒకటి కుడికి, ఒకటి ఎడమకి. రోజూ సాయంత్రం నాలుగేస్తే 12 రోజులు. నాకైతే టీవీ ముందు నాలుగు, కరెంటు పోయిన రోజు సున్నా.

వచ్చే పాఠం లోపు వరసలన్నీ పూర్తి చేసి టాకాలు విప్పండి. చుట్టూ మిగిలిన గుడ్డ మాత్రం కత్తిరించొద్దు. దాచిన చీర అంచులు ఒకసారి ఉతికి ఆరేసి ఉంచండి.