పాత ఈ30కి చురుకైన స్టీరింగ్ రాక్ ఎలా బిగించుకున్నాను

నా కారు బీఎమ్‌డబ్ల్యూ ఈ30, 1989 మోడల్. ఇంజన్ ఇప్పటికీ బాగుంది, బాడీ బాగుంది. స్టీరింగ్ మాత్రం ఒక లాక్ (ఇక తిరగని చివర) నుంచి ఇంకో లాక్ దాకా తిప్పాలంటే దాదాపు 4 చుట్లు పట్టేది. యూ టర్న్ కొట్టాలంటే చేతులు మార్చి మార్చి పట్టుకోవాలి. మలుపుల దారిలో నేను తిప్పిన కాసేపటికి గానీ కారు తిరిగేది కాదు. తర్వాతి తరం ఈ36లో అదే పని 3 చుట్ల పైచిలుకులో అయిపోతుంది. దాని స్టీరింగ్ రాక్, అంటే వీల్ తిప్పితే పక్కలకి జరిగి ముందు చక్రాలను తిప్పే కడ్డీ ఉన్న భాగం, ఈ30 సబ్‌ఫ్రేమ్ (ముందు భాగంలోని ఇనుప చట్రం) మీద కొద్దిపాటి సర్దుబాట్లతో కూర్చుంటుంది కాబట్టి ఈ కారున్నవాళ్ళు చాలామంది ఈ మార్పు చేసుకుంటారు. నేనూ చేశాను. రెండు రోజులు పట్టింది. అందులో ఒక పూట నా పొరపాటు దిద్దుకోవడానికే పోయింది, ఆ సంగతి కింద చెబుతాను. మీ కారు వేరేదైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. బోల్టులు మారతాయి గానీ పద్ధతి మారదు.

రాక్ కొనే ముందు, ఉన్న లూజు ఎక్కడిదో కనిపెట్టండి. కారు నేల మీదే ఉండాలి, ఇంజన్ ఆఫ్‌లో ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని ఎడమకీ కుడికీ కొద్దికొద్దిగా, ఒక అంగుళం మేర ఊపుతూ ఉండాలి. మీరు బానెట్ ఎత్తి, తర్వాత చక్రాల పక్కన కూర్చుని, ఒక్కొక్క జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క కదలడం లేదంటే లూజు ఆ రెండింటి మధ్యే ఉంది. కంటికి ఆనని కదలిక కూడా వేళ్ళకు తెలిసిపోతుంది. మా తమ్ముడు స్టీరింగ్ ఊపుతుంటే నేను చూసుకున్నాను. నా కారులో సగం లూజు రాక్‌ది కానే కాదు. కాలమ్‌కీ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి దిగే షాఫ్ట్) రాక్‌కీ మధ్య ఉండే రబ్బరు డిస్కు పగుళ్ళిచ్చింది, రాక్‌ని చక్రానికి కలిపే టై రాడ్ కుడివైపు ఎండ్ అరిగిపోయింది. ఇవి చూడకుండా రాక్ ఒక్కటే మార్చి ఉంటే, అంత పనీ చేశాక కూడా స్టీరింగ్ వదులుగానే ఉండేది. తర్వాత చక్రం పైకెత్తి, గడియారంలో 9, 3 అంకెల దగ్గర పట్టుకుని ఊపి చూడండి. అక్కడ కదిలితే అనుమానం టై రాడ్ మీద. 12, 6 దగ్గర కదిలితే బేరింగ్ మీదో బాల్ జాయింట్ మీదో.

ఏ రాక్ తీసుకోవాలన్నది రెండో ప్రశ్న. బీఎమ్‌డబ్ల్యూదే ఇంకో కారు జెడ్3లో కొన్నిటికి 2.7 చుట్ల రాక్ ఉంది. వినగానే మనసు దానిమీదికే పోతుంది. కానీ చుట్లు తగ్గేకొద్దీ అదే చక్రాన్ని తిప్పడానికి చేతికి బరువు పెరుగుతుంది, హైవే మీద చిన్న తుమ్ముకి కూడా కారు పక్కకి జరుగుతుంది. రోజూ నడిపే కారుకి 3 చుట్ల పైచిలుకు రాక్ చాలని నా అభిప్రాయం. ఆయిల్ ఒత్తిడితో స్టీరింగ్‌కి సాయం చేసే పవర్ పంపు పనిచేస్తూ ఉంటే బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. కొందరు పంపు తీసేసి, పవర్ రాక్‌నే మాన్యువల్‌గా వాడుకోవాలనుకుంటారు. రెండు పైపులనూ ఒకదానికొకటి కలిపేస్తే అయిపోతుందనుకోకండి. పవర్ రాక్ పినియన్ (కాలమ్ వైపు నుంచి తిరిగి రాక్ కడ్డీని జరిపే పళ్ళ షాఫ్ట్) లోపల సన్నని టార్షన్ బార్ ఉంటుంది. మీరు తిప్పినప్పుడు ముందు అది కొద్దిగా మెలిపడి వాల్వు తెరుస్తుంది, అప్పుడే ఆయిల్ ఒత్తిడి సాయానికి వస్తుంది. పంపు లేకపోయినా ఆ మెలిక మిగిలే ఉంటుంది, అది చేతికి లూజులాగే తగులుతుంది. దాన్ని సరిగ్గా మాన్యువల్ చెయ్యాలంటే రాక్ విప్పి లోపలి పిస్టన్ సీలు తీసి, వాల్వును కదలకుండా బిగించాలి. అది వేరే పని, ఇంకో రోజు పని.

పాత రాక్ కొంటుంటే రెండు వైపులా రబ్బరు బూట్లు (తొడుగులు) వెనక్కి లాగి చూడండి. లోపల గ్రీజు తడి ఉంటే పర్వాలేదు. పల్చటి ఆయిల్ కారితే మాత్రం చివరి సీలు పోయినట్టే, ఆ రాక్ వద్దు. లోపలి ఇనుప కడ్డీ మీద తుప్పు మచ్చలున్నా వద్దు, కొత్త సీలు వేసినా ఆ గరుకు దాన్ని కొరికేస్తుంది. పినియన్‌ని చేత్తో ఒక చివర నుంచి ఇంకో చివర దాకా తిప్పి చుట్లు లెక్కపెట్టండి. అమ్మేవాళ్ళు ఏ కారుదని చెప్పినా నమ్మకం ఆ లెక్క మీదే. మధ్యలో లూజుగా ఉంటే, వెనకున్న అడ్జస్టర్ బిగించి సరిచేసుకుందామనిపిస్తుంది. చెయ్యకండి. రాక్ పళ్ళు ఎక్కువగా అరిగేది నిటారుగా నడిచే మధ్యభాగంలోనే. అక్కడికి సరిపోయేలా బిగిస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

విప్పడం సులువే. వెనక చక్రాలకు అడ్డాలు పెట్టి, ముందు భాగాన్ని ఎత్తి రెండు స్టాండ్ల మీద నిలపండి. జాక్ మీద నిలబెట్టిన కారు కిందకి మాత్రం ఎప్పుడూ దూరకండి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఫోర్క్ లాంటి పనిముట్టు కొడితే రబ్బరు చిరుగుతుంది. బాల్ జాయింట్ పుల్లర్ వాడండి. అది లేకపోతే నట్టు చివరి మర మీద ఉంచి, జాయింటు కూర్చున్న చెవిని పక్కనుంచి సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు కొట్టండి. పట్టు వదిలేస్తుంది. పైపులు విప్పే ముందు కింద గిన్నె పెట్టండి, చివరలకు శుభ్రమైన ప్లాస్టిక్ కట్టండి. చిన్న ఇసుక రేణువు లోపలికి పోయినా కొత్త సీలు అరిగిపోతుంది. కాలమ్ నుంచి రాక్ విడిపోయాక స్టీరింగ్ వీల్‌ని బెల్టుతో సీటుకు కట్టెయ్యండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో వీల్ అదుపు లేకుండా తిరిగితే దాని కిందున్న క్లాక్ స్ప్రింగ్ (ఎయిర్‌బ్యాగ్‌కి కరెంటు అందించే చుట్ట తీగ) తెగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఈ మొత్తం పనిలో నాకు నిద్ర లేకుండా చేసింది కాలమ్‌కీ రాక్‌కీ మధ్య ఉన్న జాయింటు. ఈ30లో అక్కడ రబ్బరు డిస్కు ఉంటుంది. కొత్త రాక్ పెట్టాక దానికి చోటు చాలదు, తీసెయ్యాలి. దాని బదులు కొందరు పాత షాఫ్ట్‌ని కోసి వెల్డింగ్ చేస్తారు. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. వెల్డు లోపల ఎంత దిగిందో పైకి తెలియదు, అది విరిగిన రోజు చేతిలో వీల్ ఉంటుంది కానీ చక్రాలతో దానికి సంబంధం ఉండదు. పైగా గుద్దుకున్నప్పుడు కాలమ్ మన ఛాతీ మీదికి రాకుండా కుదించుకునే ఏర్పాటు షాఫ్ట్‌లోనే ఉంటుంది, వెల్డింగ్ వేడికి అది పాడవ్వచ్చు. ఈ మార్పు కోసమే తయారుచేసిన యూనివర్సల్ జాయింట్లు (షాఫ్ట్ వంగి ఉన్నా తిప్పును అందించే జాయింట్లు) దొరుకుతాయి. నేను అదే వాడాను.

జాయింటు ఎక్కించేటప్పుడు రెండు సంగతులు చూసుకోండి. మొదటిది, పినియన్ షాఫ్ట్ పళ్ళ మధ్య ఒక గాడి ఉంటుంది. బిగింపు బోల్టు ఆ గాడిలోంచి పోవాలి. జాయింటు అర సెంటీమీటరు పైన కూర్చున్నా బోల్టు ఎలాగోలా బిగుస్తుంది, బిగిసినట్టే ఉంటుంది, కానీ షాఫ్ట్ జారిపోకుండా ఆపేది ఏదీ ఉండదు. బోల్టు దూర్చే ముందు టార్చ్ వేసి రంధ్రంలోంచి గాడి కనబడుతోందో లేదో చూడండి. కొత్త బోల్టు వెయ్యండి, థ్రెడ్‌లాక్ (మర వదులవ్వకుండా పట్టే జిగురు) రాయండి. రెండోది, పైనొకటి కిందొకటి రెండు యూనివర్సల్ జాయింట్లు అయినప్పుడు, వాటి మధ్య షాఫ్ట్ రెండు చివరలా ఉన్న కొమ్ములు ఒకే వరసలో ఉండాలి. వంగిన యూనివర్సల్ జాయింటు ఒక చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు మందగిస్తుంది. కొమ్ములు వరసలో ఉంటే పైజాయింటు హెచ్చుతగ్గులను కిందిది సరిచేస్తుంది. తేడా వస్తే రెండూ కలిసి ఇంకా పెంచుతాయి, తిప్పుతుంటే వీల్ ఒకచోట బరువుగా ఇంకోచోట తేలిగ్గా తగులుతుంది.

రాక్‌ని మధ్యలో పెట్టడంలో నేను తప్పు చేశాను. చూపుకి కడ్డీ రెండు వైపులా సమానంగా వచ్చినట్టు కనబడితే అదే మధ్య అనుకుని బిగించేశాను. తీరా తిప్పి చూస్తే ఎడమకి దాదాపు 2 చుట్లు, కుడికి 1 చుట్టు పైచిలుకు. టై రాడ్‌లతో చక్రాలను నిటారుగా చేసుకోవచ్చు, కానీ కారు ఒకవైపు ఎక్కువా ఇంకోవైపు తక్కువా తిరుగుతుంది. మళ్ళీ అంతా విప్పాను. సరైన పద్ధతి ఇది: రాక్ బల్ల మీద ఉన్నప్పుడే ఒక లాక్ దాకా తిప్పి, అక్కడి నుంచి ఇంకో లాక్ దాకా చుట్లు లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. పినియన్ షాఫ్ట్ మీదా రాక్ బాడీ మీదా కలిసేలా తెల్ల పెయింటుతో గీత గీయండి. కింద పడుకుని బిగించేటప్పుడు ఆ గీత కలిసి ఉందా, పైన వీల్ నిటారుగా ఉందా అని రెండూ చూసి అప్పుడే జాయింటు ఎక్కించండి. రెండోసారి మా తమ్ముడు వీల్ పట్టుకుని, “అన్నయ్యా, నిటారుగా ఉంది, ఎక్కించు” అన్నాకే బోల్టు దూర్చాను.

ఈ36 రాక్ చెవుల మందం వేరు. అందుకని బోల్టుల దగ్గర స్పేసర్లు పడతాయి. రెండు వైపులా సరిగ్గా ఒకే మందం ఉండాలి, కొలిచి మరీ వెయ్యండి. రాక్ ఎత్తు మారితే టై రాడ్ వాలు మారుతుంది. చక్రాన్ని పట్టుకునే కింది కంట్రోల్ ఆర్మ్ ఒక దారిలో, టై రాడ్ ఇంకో దారిలో కదలడం మొదలుపెడితే, గుంతలో పడ్డ ప్రతిసారీ మీరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. కారు నేల మీద నిలబెట్టి రెండు వైపులా టై రాడ్ వాలు ఒకేలా ఉందో లేదో కొలిచి చూడండి. చక్రం దగ్గర జాక్ పెట్టి మెల్లగా ఎత్తుతూ చక్రం ముందు అంచు లోపలికో బయటికో జరుగుతోందేమో గమనించినా తెలుస్తుంది.

టై రాడ్‌లలో లోపలివి కొత్త రాక్‌కి సరిపోయేవి, బయటి ఎండ్‌లు మీ కారు చక్రానికి సరిపోయేవి కావాలి. రెండింటి మరలు కలుస్తాయో లేదో కొనేముందే చేత్తో తిప్పి చూసుకోండి. ఎండ్ లోపలికి తగినన్ని మరలు ఎక్కాలి, రెండు మూడు మరల మీద వేలాడకూడదు. పాత ఎండ్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టి రాసుకునే అలవాటు ఇక్కడ పనిచెయ్యదు, ఎందుకంటే రాక్ పొడవు వేరు. నేను నిటారుగా సాగదీసిన దారంతో వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా కొలిచి, చక్రాల అలైన్‌మెంట్ చేయించేచోటి దాకా నడిపేంత టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) పెట్టుకున్నాను. 1.5 మిల్లీమీటర్ల మర ఉన్న ఎండ్‌ని ఒక్క చుట్టు తిప్పినా చక్రం అర డిగ్రీకి పైగా మారిపోతుంది, కాబట్టి పావు చుట్టు చొప్పున కదపండి.

పైపుల బోల్టులకు రెండేసి వాషర్లు, పైపు తలకి ఇటొకటి అటొకటి. అన్నీ కొత్తవే వెయ్యండి. పాత ఆయిల్ పారబోసి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) నింపండి. ముందు చక్రాలు గాల్లో ఉండగా, ఇంజన్ ఆన్ చెయ్యకుండా, స్టీరింగ్‌ని ఒక లాక్ నుంచి ఇంకో లాక్‌కి మెల్లగా ఓ పదిహేనుసార్లు తిప్పండి. ఎవరో ఒకరు డబ్బాలో ఆయిల్ తగ్గకుండా చూస్తుండాలి. బుడగలు ఆగాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యండి. ఆయిల్ నురగలా తెల్లగా మారితే గాలి ఇంకా ఉంది, ఆపేసి కాసేపు ఊరుకోండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు లాక్ దగ్గర గట్టిగా పట్టుకుని ఉండకండి, ఆయిల్ వేడెక్కుతుంది.

బిగింపులన్నిటికీ టార్క్ రెంచ్ వాడండి, అంకె మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లోది తీసుకోండి. రాక్ బోల్టులకు, టై రాడ్‌లకు సెల్ఫ్ లాకింగ్ నట్లు ఉంటే పాతవి మళ్ళీ వాడకండి. మొదటిసారి ఖాళీ స్థలంలో, నడిచే వేగంలో, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఏ పైపూ ఏ బూటూ చక్రానికి తగలకూడదు. ఆ తర్వాత నేరుగా అలైన్‌మెంట్‌కి తీసుకెళ్ళండి, ఇంకెక్కడికీ వద్దు. వీల్‌ని నిటారుగా బిగించి ఉంచే టో సరిచెయ్యమని చెప్పండి. వంకరగా వస్తే వీల్ ఊడదీసి తిప్పి పెడతామంటారు, ఒప్పుకోకండి. అలా చేస్తే వీల్ నిటారుగా కనిపిస్తుంది గానీ రాక్ మధ్యలో ఉండదు. టై రాడ్‌లు ఒకవైపు ఎంత బిగిస్తే ఇంకోవైపు అంత వదలమనండి.

బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా పక్క ఇనుము దాకా తెల్ల పెయింటుతో సన్న గీత గీసి పెట్టుకున్నాను. 100 కిలోమీటర్లకు ఒకసారి, 500కి ఒకసారి కిందికి దూరి చూశాను. గీత విరగకుండా ఒకే వరసలో ఉంటే బోల్టు కదల్లేదన్నమాట. కాలమ్ జాయింటు బోల్టు మీద గీత మాత్రం ఇప్పటికీ ఆయిల్ మార్చిన ప్రతిసారీ చూస్తున్నాను.