ప్యాకేజీలో ప్రైవేట్ మాడ్యూళ్లను ఎక్కడ ఉంచాలి?

డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పైథాన్ ప్రోగ్రామును ప్యాకేజీగా రూపొందించేటప్పుడు, ఇతర ప్రోగ్రాములకు అవసరం లేని సొంత మాడ్యూళ్లను (ప్రైవేట్ కోడు ఫైళ్లను) అందరికీ ఉమ్మడిగా ఉండే డిస్ట్-ప్యాకేజెస్ డైరెక్టరీలో పెట్టకూడదు. మాదాపూర్‌లోని మా ఆఫీసులో ఒకసారి రెండు ప్యాకేజీలు యుటిల్స్ అనే ఒకే పేరుగల ఫైలును అక్కడే పెట్టబోగా, ఆ ఫైలు ఇప్పటికే మరొక ప్యాకేజీలో ఉందంటూ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ అనే ప్రోగ్రాము రెండవదాన్ని ఇన్‌స్టాల్ చేయడానికి నిరాకరించింది.

ఇటువంటి మాడ్యూళ్లకు యూఎస్ఆర్ డైరెక్టరీ కింద ఉన్న షేర్‌లో, ప్యాకేజీ పేరుతోనే ఒక డైరెక్టరీని ఏర్పాటు చేయండి. సీ భాషలో రాసి కంపైల్ చేసిన ఎక్స్‌టెన్షన్లు ప్రాసెసర్‌ను బట్టి మారతాయి కనుక వాటి చోటు షేర్ కాదు, యూఎస్ఆర్ కిందే ఉన్న లిబ్.

ప్రధాన స్క్రిప్టును కూడా ఆ డైరెక్టరీలోనే ఉంచి, యూఎస్ఆర్ కింది బిన్ నుంచి దానికి సింబాలిక్ లింక్ (అసలు ఫైలును చూపే ఫైలు) ఇవ్వడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి అని నా అభిప్రాయం. పైథాన్ ఆ లింకును అనుసరించి, స్క్రిప్టు నిజంగా ఉన్న డైరెక్టరీని మాడ్యూళ్లను వెతికే దారిలో మొదట చేర్చుకుంటుంది కాబట్టి, ఆ దారిని కోడులో మనం మార్చవలసిన పని ఉండదు.

మీ సొంత మెషీన్‌లో పైథాన్ ఇన్‌స్టాలర్ అయిన పిప్ ద్వారా ముందే వేసిన ఆ మాడ్యూళ్ల కాపీ ఉంటే లోపం బయటపడదు. అందుకే కొత్తగా సిద్ధం చేసిన వర్చువల్ మెషీన్‌లో ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, కమాండును నడిపి చూడండి.