స్కాట్లాండ్ వంశాల జాడ తీయడం – 4వ పాఠం: పిల్లల పేర్ల వరస

పోయిన పాఠంలో నార్త్ కరొలైనాలోని కేప్ ఫియర్ నది దగ్గరి ఊళ్లలో పాత సమాధి రాళ్లు చదవడం చూశాం. 1739 నుంచి స్కాట్లాండ్‌లోని ఆర్గైల్ ప్రాంతపు హైలాండ్ (కొండసీమ) జనం వచ్చి స్థిరపడ్డ చోటు అది. అక్కడ ఒక కౌంటీ పేరే స్కాట్లాండ్. రాయి మీద పుట్టిన జిల్లా చెక్కి ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే జనాభా లెక్కల కాగితాలు తీయాలి.

అమెరికా లెక్కల్లో ఇంట్లో (బానిసలు తప్ప) అందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. అయితే పుట్టిన చోటు దగ్గర ‘స్కాట్లాండ్’ అని రాసి వదిలేశారు, ఊరి పేరు ఉండదు. ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పే గడి 1880 దాకా రానేలేదు.

అందుకే పేర్ల వరస కావాలి. స్కాట్లాండ్ కుటుంబాల్లో పెద్ద కొడుక్కి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు, మూడోవాడికి తండ్రి పేరు పెట్టేవారు. ఆడపిల్లల్లో పెద్దమ్మాయికి అమ్మమ్మ పేరు, రెండో అమ్మాయికి నాయనమ్మ పేరు, మూడో అమ్మాయికి తల్లి పేరు. మనమూ తాతల పేర్లు పెట్టుకుంటాం గానీ, ఇంత లెక్కగా కాదు.

అభ్యాసానికి ఒక ఊహా కుటుంబం తీసుకుందాం. 1850లో జాన్‌కి 40 ఏళ్లు, మార్గరెట్‌కి 36. పిల్లలు డంకన్ 14, ఆంగస్ 11, జాన్ 9, ఫ్లోరా 6. వరస ప్రకారం జాన్ తండ్రి డంకన్, మార్గరెట్ తండ్రి ఆంగస్, తల్లి ఫ్లోరా అయ్యుండాలి. మూడో కొడుకు జాన్ కావడం ఈ అంచనాకి బలం.

కానీ తొందరపడొద్దు. డంకన్‌కీ ఆంగస్‌కీ మధ్య మూడేళ్లు తేడా ఉంది, నడుమ ఒక బిడ్డ పోయి ఉండొచ్చు. డంకన్ కంటే పెద్దవాడు వేరే ఇంట్లో పనికి కుదిరి ఉండొచ్చు. పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి పెట్టడమూ మామూలే. అందుకే మళ్లీ శ్మశానానికి వెళ్లి చిన్న రాళ్లు కూడా చూడాలి. ఇది ఆచారమే, చట్టం కాదు.

వెతికేటప్పుడు ఇంటిపేరు ముందు వచ్చే ‘మెక్’, ‘మాక్’ రెండూ పెట్టి చూడండి. డోనాల్డ్ దొరక్కపోతే డానియల్ అని వెతకండి. ఒకే మనిషిని రెండు రకాలుగానూ రాసేవారు.

చాలామంది సరిగ్గా ఈ దశలోనే ఉత్సాహపడి తమ క్లాన్ (ఒకే ఇంటిపేరు, ఒకే నాయకుడు ఉన్న వంశం) పేరిట అమ్మే టార్టన్ అనే గళ్ల గుడ్డ కొనేస్తారు. కొనుక్కోండి, బాగుంటుంది, కానీ అది రుజువు కాదు. క్లాన్ నాయకుడి భూమిలో బతికిన రైతులూ ఆయన ఇంటిపేరే పెట్టుకునేవారు.

వచ్చే పాఠంలో ఈ అంచనాలను స్కాట్లాండ్ రిజిస్టర్లతో సరిచూద్దాం. అక్కడ 1855కి ముందువి చర్చి పుస్తకాలు, ఆ తర్వాతివి ప్రభుత్వ రికార్డులు. ఈలోగా మీరు ఎంచుకున్న కుటుంబం ఓడ ఎక్కిన సంవత్సరాన్ని సుమారుగానైనా తేల్చండి. ఏ పుస్తకం తెరవాలో దాన్నిబట్టే తెలుస్తుంది.